ధన్‌సింగ్ దొంగకప్పలు

మద్దికుంట చెరువు లష్కరు ధన్‌సింగ్ చొక్కా జేబులోంచి ఒక కప్ప ఎగిరి, అతని భార్య జమ్లి రొట్టెల కోసం పళ్ళెంలో పోసుకున్న జొన్నపిండిలో పడింది. పడి ఊరుకోలేదు. ఒళ్ళంతా పిండి పూసుకుని తెల్లగా లేచి జమ్లి ఒళ్ళోకి, ఒళ్ళోంచి బిందె మీదికి, బిందె మీదనుంచి నులకమంచం కిందికి దూకింది. జమ్లి కేక పెట్టలేదు. చేతులకంటిన పిండి దులుపుకుని భర్త వైపు చూసింది.

“జేబుల ఇంకెన్ని ఉన్నయి?”

“ఇంకొక్కటే,” అన్నాడు ధన్‌సింగ్, జేబు మీద చెయ్యి అదిమిపెట్టుకుని.

“బయటికి నడువు. రేపటి సంది ఇంట్ల కప్ప కనబడ్డదంటే, దానికీ నీకూ చెరువు కట్ట మీదనే సంసారం.”

ఇది రెండు వేల నాలుగులో, ఎండలు ముదిరిన రోజుల్లో జరిగింది. ధన్‌సింగ్‌కు అప్పటికి నలభై ఏళ్ళు. ములకలపల్లి నుంచి అడవిలోకి ఏడెనిమిది కిలోమీటర్లు పోతే వచ్చే ఇప్పగుట్ట తండా అతనిది. లష్కరంటే పటాలం మనిషి కాదు. చెరువు తూము తలుపు ఎత్తి దించే మనిషి. పంటకాలంలో నీళ్ళు వదలాలి, కట్టకు బుంగలు పడకుండా చూసుకోవాలి, అలుగు దూకితే ఆఫీసుకు కబురు పెట్టాలి. మిగిలిన కాలమంతా చెరువును చూస్తూ కూర్చోవడమే ఉద్యోగం.

చెరువును చూస్తూ కూర్చున్నవాడికి కొర్రమీను కనబడక తప్పదు. అది మిగతా చేపల వంటిది కాదు. నీళ్ళలోని గాలి దానికి చాలదు. ఉండుండి తామరాకుల సందులోంచి పాముతల లాంటి మూతి పైకి పెట్టి, గుటుక్కున గాలి మింగి, కట్ట మీది మనిషిని ఓరగా ఒక చూపు చూసి మునుగుతుంది. ఆ చూపే ధన్‌సింగ్‌కు గిట్టేది కాదు. “మనల్ని మనిషిలెక్క జూడదే అది,” అని జమ్లితో చాలాసార్లు చెప్పుకున్నాడు.

కొర్రమీనుకు కప్పంటే ప్రాణం. ఆ చుట్టుపక్కల ఎవరైనా బతికున్న కప్పను గాలానికి గుచ్చి, తామరాకుల మీద ఆడించి దాన్ని పట్టేవాళ్ళే. ధన్‌సింగూ అంతే. జేబులో కప్పలుండటం అందుకే. జమ్లి తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. నిజానికి అందుకు అతను పెద్దగా బాధపడలేదు కూడా. గాలం గుచ్చేటప్పుడు కప్ప తన చిన్న చేతులతో అతని బొటనవేలు పట్టుకునేది. ఆ పట్టు అతనికి ఎప్పుడూ నచ్చేది కాదు.

ఆ వారంలోనే ఇరిగేషన్ ఏఈ వెంకటేశ్వరరావు కట్ట చూడటానికి వచ్చాడు. సత్తుపల్లి వైపు మనిషి, మెత్తటి మాట. ఆయన జీపులో కొలతల టేపు పక్కనే ఒక రాడ్డూ, రీలూ ఉండేవి. కట్టంతా నడిచి చూశాక ఆయన ఒక డబ్బా తెరిచి రబ్బరు కప్పను తీశాడు. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, వీపుకు అంటుకుని రెండు గాలాలు. మూడోసారి విసిరేసరికి అది నీళ్ళలో నిలబడి ఉన్న ఎండిన మద్దిమోడుకు చిక్కుకుంది.

“పోనీలేవయ్యా, దారం తెంపేస్తాను,” అన్నాడు ఏఈ.

ధన్‌సింగ్ అప్పటికే చొక్కా విప్పేశాడు. ఈదుకుంటూ పోయి కప్పను విడిపించి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఏఈ దాన్ని మళ్ళీ ఇతని చేతిలోనే పెట్టాడు. “నువ్వే ఉంచుకో. ఇలాంటి దొంగ ఎరలకు చేపలు మోసపోతాయని చెబుతారు. రెండేళ్ళుగా చూస్తున్నాను, నన్ను తప్ప ఎవరినీ మోసం చెయ్యలేదిది.”

ఆ రబ్బరు కప్ప ధన్‌సింగ్ దగ్గర నాలుగు రోజులుంది. ఐదోనాడు అలుగు పక్కన ఒక కొర్రమీను దాన్ని గబుక్కున కరిచి, తంగూసు దారాన్ని పుటుక్కున తెంచుకుని వెళ్ళిపోయింది. ధన్‌సింగ్ తెగిన దారం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అంతలో అతని చూపు తన కాలి మీద పడింది. కాలికి నీలిరంగు హవాయి చెప్పు ఉంది. అదీ రబ్బరే కదా అనుకున్నాడు.

ఆ సాయంత్రం అతను ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు.

చెప్పులోంచి కోసిన మొదటి కప్ప సబ్బుబిళ్ళలా ఉంది. లాగితే వెల్లకిలా తిరిగి, గాలం తామరకాడకు తగులుకుంది. పొట్ట కింద సైకిల్ నట్టు బిగించాడు. ఈసారి బోర్లా తేలింది కాని ముక్కుతో నీళ్ళు దున్నుకుంటూ నడిచింది. నట్టును తోక వైపుకు జరిపాడు. గాలాల మొనలను వీపు మీదికి వంచి, రబ్బరులో కొంచెం దాగేటట్టు చేశాడు. చేప కొరికితే రబ్బరు అణిగి మొన పైకి వస్తుంది, కొరకకపోతే ఏ ఆకుకూ తగలదు. ఇది నిజంగా మంచి ఉపాయం. కప్ప తామరాకుల మీదుగా ఎక్కడా తట్టుకోకుండా జారుకుంటూ వచ్చింది. దాని వెనకే ఒక కొర్రమీనూ వచ్చింది. జానెడు దూరంలో ఆగి, చూసి, తోక తిప్పుకుని పోయింది.

“ఏం తక్కువైందే నీకు?” అని ధన్‌సింగ్ పైకే అడిగేశాడు.

ఆ ప్రశ్న అతన్ని పట్టుకుంది. మెరుపు తక్కువైందేమో అనుకుని స్టీలు చెంచా తల కోసి కప్ప ముందు వేలాడదీశాడు. చప్పుడు తక్కువైందేమో అనుకుని మేకపిల్ల మెడలోని గజ్జె విప్పి పొట్ట కింద కట్టాడు. కాళ్ళు లేవని తోచినరోజు జమ్లి పాత రవికకున్న ఎర్ర ఊలు కుచ్చులు రెండు మాయమయ్యాయి.

ఇంట్లో వస్తువులు ఇలా ఒక్కటొక్కటే తగ్గిపోతుంటే జమ్లి కోతులను అనుమానించింది. అడవి అంచు తండాలకు కోతుల బాధ కొత్త కాదు. కిటికీకి ఇనుప తీగ అల్లాలంది. ధన్‌సింగే పట్టకారు తెచ్చి శ్రద్ధగా అల్లాడు.

“కోతులకు చెంచా ఎందుకుంటా?” అంది జమ్లి తీగ అందిస్తూ.

“ఏమో. ఇప్పటి కోతులు గూడ మనలెక్కనే అన్ని నేర్చినయి,” అన్నాడు ధన్‌సింగ్, ఆమె వైపు తిరక్కుండా.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని ట్రంకుపెట్టెలో జమ్లి పెళ్ళి పేటియా ఉంది. లంబాడీ ఆడవాళ్ళు కట్టుకునే, కాళ్ళ దాకా జారే కుచ్చుల లంగా అది. జమ్లి మామూలు రోజుల్లో చీరే కట్టుకుంటుంది. పేటియా పెళ్ళిళ్ళకూ తీజ్ పండుగకూ మాత్రమే బయటికి వస్తుంది. దాని నిండా రూపాయి బిళ్ళంత అద్దాలు. ఒకటి తీస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు ధన్‌సింగ్. అంచు దగ్గర, మడత లోపలిది తీశాడు. తరువాత దాని పక్కది. పది రోజుల్లో పదకొండు అద్దాలు పెట్టె దాటి చెరువు చేరాయి.

మృగశిర కార్తె, అదే మిరుగం, వచ్చింది. నాలుగు వానలు పడ్డాయి. ధన్‌సింగ్ అద్దాల కప్పను అలుగు పక్కన గడ్డిదుబ్బుల దగ్గర విసిరాడు. అది గజ్జె మోగించుకుంటూ, తళుక్కుమంటూ నాలుగు బారలు వచ్చిందో లేదో, నీళ్ళు రెండుగా చీలి కొర్రమీను దాని మీద పడింది. మోచెయ్యి కంటే పొడుగు చేప. మరునాడు ఇంకొకటి. ఆ వారంలో ఐదు. మిరుగంనాడు చేప తినాలని అందరూ వెతుక్కునే రోజుల్లో లష్కరు ఇంటి ముందు కొర్రమీన్లు వేలాడుతుంటే తండా ఊరుకుంటుందా? కట్ట మీదికి జనం వచ్చారు. ధన్‌సింగ్ తూము రాయి మీద నిలబడి వాళ్ళకు ఉపన్యాసం చెప్పాడు.

“చేపకు గూడ కండ్లున్నయి. కంటికి ఇంపుగ ఉండాలె. చెవికి ఇంపుగ ఉండాలె. గప్పుడే మనసుపడి వస్తది.”

ఆరోనాడు జమ్లి పెట్టె తెరిచింది. శ్రావణంలో ఆమె చెల్లెలు హేమ్లి పెళ్ళి. పేటియా ఎండకు వేద్దామని తీసి దులిపింది. ఎండ దాని మీద పడ్డప్పుడు ఎదుటి గోడ మీద చుక్కలు చుక్కలుగా వెలుగు ఆడాలి. ఒక పక్క ఆడలేదు.

ఆమె పేటియాను భుజాన వేసుకుని నేరుగా చెరువుకు నడిచింది. ధన్‌సింగ్ అప్పుడే ఒక చేపను ఒడ్డుకు లాగి, దాని నోట్లోంచి కప్పను తీస్తున్నాడు. కప్ప వీపున జమ్లి తల్లి కుట్టిన అద్దం మెరుస్తోంది. అప్పటిదాకా కట్ట మీద కూర్చుని మాట్లాడుతున్న నలుగురూ లేచి, ఎవరి పని వాళ్ళకు గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయారు.

“కోతి గిదేనన్నమాట,” అంది జమ్లి.

ధన్‌సింగ్ కప్పను పిడికిట్లో దాచుకున్నాడు.

“మా అమ్మ నాలుగేండ్లు కుట్టింది దీన్ని. పొద్దంత పత్తి ఏరి, దీపం పెట్టేలోపల దొరికిన గంటల కుట్టింది. ఆఖరికి సూదిల దారం ఎక్కియ్యనీకి కండ్లు కనబడక నన్నే ఎక్కియ్యమనేది. నువ్వు దాన్ని చేప నోట్ల పెట్టినవు.”

ఆమె గొంతు పెంచి తిడితే ధన్‌సింగ్ ఏదో ఒకటి అనేవాడే. ఆమె మామూలుగా చెప్పింది. అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

“తప్పైంది,” అన్నాడు. “కొత్తయి తెచ్చి కుట్టిపిస్త.”

“కుట్టిపిచ్చుడు గాదు. నువ్వే కుట్టాలె.” ఆమె పేటియాను అతని ఒళ్ళో పెట్టింది. కొంగుముడి విప్పి సూది, దారపు ఉండ తీసి పైన పెట్టింది. “హేమ్లి పెండ్లిల నేను కట్టుకునేది గిదే.”

అలా మద్దికుంట చెరువు లష్కరు కట్ట మీద కూర్చుని లంగాకు అద్దాలు కుట్టడం నేర్చుకున్నాడు. పదకొండులో ఏడు దొరికాయి, నాలుగు చేపలతోపాటు పోయాయి. బజారులో దొరికే అద్దాలు పలచన. పాతవాటి పక్కన వెలవెలబోయాయి. చివరికి తను గడ్డం గీసుకునే అద్దాన్ని పగలగొట్టి, ముక్కలను బండరాతి మీద అరగదీసి గుండ్రంగా చేశాడు. అద్దం చుట్టూ దారం నాలుగు వైపులా పట్టీలా వేసి, ఆ పట్టీలను చుట్టుకుంటూ రావాలి. మొదటిరోజు కుట్టింది ఒక్కటే. అదీ జమ్లి వచ్చి చూసి, విప్పేసి వెళ్ళింది.

మూడోరోజు ఏఈ జీపు వచ్చింది. ధన్‌సింగ్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఒళ్ళోని పేటియా కాళ్ళ దాకా జారింది, చేతిలో సూది అలాగే ఉంది. వెంకటేశ్వరరావు కాసేపు అతన్నీ, లంగానీ మార్చి మార్చి చూశాడు.

“తూము తలుపుకు గ్రీజు పెట్టావా?” అని అడిగాడు చివరికి.

“పెట్టిన సార్.”

“సరే. నువ్వు కానివ్వు,” అని కట్ట మీదుగా నడిచి వెళ్ళాడు. కొంతదూరం పోయాక ఆయన భుజాలు కదలడం ధన్‌సింగ్‌కు కనబడింది.

చెరువుకు ఆవలి ఒడ్డున ఉన్న కోయగూడెం నుంచి రామక్క అనే ముసలామె రోజూ బుట్ట పట్టుకుని చిన్న చేపల కోసం నీళ్ళలోకి దిగేది. డెబ్బై ఏళ్ళుంటాయి. ధన్‌సింగ్ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు. ఒకనాడు ఆమె బుట్ట ఒడ్డున పెట్టి, అతని కుట్టు చూసి నవ్వి, పక్కనే కూర్చుంది.

“కొడకా, నీ కప్పను జూసి చేపలు మనసుపడి వస్తయని చెప్తున్నవంట గద.”

“అవ్ పెద్దమ్మా. నువ్వే జూస్తివి గద, ఐదు పడ్డయి.”

“మనసుపడి రాలేదు బిడ్డా. కోపానికొచ్చినయి.” ఆమె చెయ్యి చాపి అలుగు వైపు చూపించింది. “అగో, ఆడ ఎర్రగ కుంకుమ చల్లినట్టు కనబడుతున్నదా?”

ధన్‌సింగ్ కళ్ళు చిట్లించి చూశాడు. గడ్డిదుబ్బు పక్కన నీళ్ళు ఎర్రగా కదులుతున్నాయి. అవి గోరంత కొర్రమీను పిల్లలు, వందలకొద్దీ, ఒకే ముద్దగా. ముద్ద మొత్తం పైకి తేలి గాలి మింగి, మళ్ళీ కిందికి పోతోంది. కాసేపటికి వాటి కిందనుంచి నల్లటి పెద్ద తల ఒకటి పైకొచ్చి మునిగింది.

“గది తల్లో, తండ్రో. పిల్లలు రంగు మారేదాక కావలుంటయి. పామొచ్చినా, కొంగొచ్చినా, నీ గజ్జెల కప్పొచ్చినా మీద పడి కొరుకుతయి. ఆకలికి గాదు. నీ ఇంట్లకు ఎవడన్న గంట కొట్టుకుంట జొరబడితే నువ్వు ఊకుంటవా?”

ధన్‌సింగ్ సూది ఆపేశాడు.

“మరి నేను పట్టిన ఐదు?”

రామక్క ఇంకొక దుబ్బు వైపు చూపించింది. అక్కడా ఎర్రటి ముద్ద ఉంది, కాని దోసెడంత. వాళ్ళు చూస్తుండగానే జెల్లచేపలు రెండు పక్కల నుంచి వచ్చి దానిలోకి దూసుకుపోయాయి. ముద్ద చెదిరి, మళ్ళీ కూడి, ఇంకొంచెం చిన్నదైంది. కిందనుంచి ఏ నల్లటి తలా రాలేదు.

ఆమె బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. ధన్‌సింగ్ చిన్నరాళ్ళు ఏరి జెల్లల మీదికి విసురుతూ పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాడు. మరునాడూ విసిరాడు. వారం తిరిగేసరికి ముద్ద పూర్తిగా కరిగిపోయి, ఆ దుబ్బు దగ్గర విసరడానికి పనిలేకపోయింది.

ఆ ఏడు దసరా దాకా అతను గాలం ముట్టలేదు. ఎవరైనా అడిగితే, పేటియా పని ఉందన్నాడు. శ్రావణంలో హేమ్లి పెళ్ళికి జమ్లి పోయిన పదకొండు అద్దాలూ తిరిగొచ్చిన పేటియా కట్టుకుని ఆడింది. అద్దం లేకుండా గడ్డం గీసుకున్న ధన్‌సింగ్ బుగ్గన రెండు గాట్లతో డప్పుల పక్కన నిలబడి, ఆమె తిరిగినప్పుడల్లా తను కుట్టినవి ఎక్కడున్నాయా అని వెతుక్కున్నాడు. కనుక్కోలేకపోయాడు. అంతకన్నా మెప్పు అతనికి అక్కర్లేకపోయింది.

దసరా అయింది. పిల్లలు పెద్దవై చెదిరిపోయాయి. ధన్‌సింగ్ కొత్త కప్ప చేశాడు. ఈసారి అద్దాల జోలికి పోలేదు. సిగరెట్ పెట్టె వెండికాగితం అతికించాడు. చెంచా, గజ్జె, కుచ్చులు మామూలే. విసిరాడు, లాగాడు. రోజంతా విసిరాడు. కొర్రమీన్లు మూతి పైకి పెట్టి, గాలి మింగి, అతన్ని ఓరగా చూసి మునిగాయి. వారం రోజులు ఇదే వరస. కట్ట మీద గొర్రెల కాపరులు “లష్కరన్నా, చేపలు మనసుపడ్తలేవా?” అని పలకరించసాగారు.

అంతలో ఆఫీసు నుంచి కబురు. ఆదివారం ఏఈ సారు రాడ్డు పట్టుకుని వస్తున్నాడు, లష్కరు కప్ప సంగతి ములకలపల్లి దాకా పాకిందట, చూడాలట.

శుక్రవారం మధ్యాహ్నం జమ్లి అన్నం క్యారేజీ తెచ్చింది. భర్త మొహం చూసి, అతని చేతిలోని కప్ప చూసింది.

“గిదేంది? కప్పనా, తీజ్ పండుగకు బోతున్న పిల్లనా?”

ధన్‌సింగ్ నవ్వలేదు. “ఇంకేం పెట్టాల్నో తెలుస్తలేదు. అన్ని పెట్టిన.”

జమ్లి అతని పక్కన కూర్చుంది. అన్నం తినేంతసేపూ నీళ్ళ వైపు చూస్తూనే ఉంది. అతను చెయ్యి కడుక్కున్నాక ఒక తామరాకు చూపించింది. దాని మీద నిజం కప్ప ఒకటి ఉంది.

“నేనొచ్చినప్పటి సంది చూస్తున్న దాన్ని. కదిలిందా?”

“లేదు.”

“మరి నీదెందుకు పోలీసోళ్ళు ఎంటబడ్డట్టు ఉరుకుతది? కప్పకు గంత పనేముంది? ఒక్క దునుకు దునుకుతది, కూసుంటది.”

ఆమె కప్పను లాక్కుని చెంచా విరిచేసింది. గజ్జె కొరికి తెంపింది. వెండికాగితం గీకేసింది. నీలిరంగు వీపు మీద పాత సైకిల్ ట్యూబు ముక్క వేసి, అంచుల వెంట సన్నగా కుట్టింది. ఎర్ర ఊలు తీసి పారేసి, గోనెసంచిలోంచి పీచు లాగి రెండు కాళ్ళు కట్టింది. ఆ పీచు నీళ్ళలో తడిసి నల్లబడింది. లాగితే దగ్గరకు ముడుచుకుంది, ఆపితే మెల్లగా విచ్చుకుంది. బతికున్నదాని కాళ్ళలాగా ఉంది.

“ఆకు మీద వెయ్యి. వేసి, ఒక బీడీ ముట్టిచ్చుకో. బీడీ అయిపోయేదాక దారం ముట్టకు.”

ధన్‌సింగ్ వేశాడు. బీడీ ముట్టించాడు. సగం కాలింది. పనిలేకుండా ఉండటం ఎంత కష్టమో లష్కరు ఉద్యోగంలో కూడా అతనికి అంత తెలియలేదు. చెయ్యి దారం మీదికి పోతే జమ్లి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. అప్పుడు ఆకు కొంచెం వణికింది. గాలి లేదు. ఆకు ఇంకోసారి వణికి, ఉన్నట్టుండి అంచు పైకి లేచి, కప్పా ఆకూ రెండూ నల్లటి నోట్లోకి పోయాయి. ధన్‌సింగ్ బీడీ ఒడిలో పడింది. దాన్ని దులుపుకోవాలో దారం పట్టుకోవాలో తెలియక అతను లేచి గంతులేస్తుంటే, దారం జమ్లి పట్టింది. మోచేతులు నడుముకు ఆనించి, బావిలోంచి బిందె చేదినట్టు చేదింది.

ఆదివారం వెంకటేశ్వరరావు వచ్చాడు. అద్దాలూ గజ్జెలూ ఉన్న కప్పను చూస్తానని వచ్చిన మనిషి, జమ్లి కప్పను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. “ఇదేమిటయ్యా, తెగిన చెప్పు ముక్కలా ఉంది.”

“చెప్పు ముక్కనే సార్. వేసి కదలకుండ ఉండాలె. గంతే.”

ఆ ‘గంతే’ ఆయన వల్ల కాలేదు. ఆయనది చేతులు ఊరుకోని స్వభావం. వెయ్యడం, రెండు క్షణాలు ఆగడం, రీలు తిప్పడం. పొద్దెక్కింది. చేపలు రాలేదు. అప్పుడు ఆయన సెల్‌ఫోను మోగింది. ఆ చెరువు మీద సిగ్నల్ అందేది తూము రాయి దగ్గర ఒక్కచోటే. ఆయన అప్పుడే కప్పను విసిరి ఆ రాయి మీద నిలబడి ఉన్నాడు. ఫోనులో పైఅధికారి.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. రాడ్డు చంకలో ఇరికించుకున్నాడు. “చెప్పండి సార్. అవును సార్. ఎస్టిమేట్లు రేపు పంపిస్తాను సార్.” కప్ప ఆకు మీద కదలకుండా కూర్చుంది. పైఅధికారి మాట్లాడుతూ పోయాడు. కప్ప కూర్చునే ఉంది. ధన్‌సింగ్, జమ్లి ఒకరినొకరు చూసుకున్నారు.

ఆకు పేలినట్టు లేచింది. చంకలోని రాడ్డు నీళ్ళ వైపు జారింది. వెంకటేశ్వరరావు ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికే అదుముకుని, రాయి మీద సగం చుట్టు తిరిగాడు.

“లేదు సార్, వింటున్నాను సార్. ధన్‌సింగూ, పట్టుకో. మిమ్మల్ని కాదు సార్. చప్పుడా? చెరువు సార్. నిండుగా ఉంది సార్.”

ధన్‌సింగ్ లుంగీతోనే నడుములోతు నీళ్ళలోకి దూకి చేపను రెండు చేతులా ఎత్తాడు. ఫోను పెట్టేశాక ఏఈ రాయి మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఇలా నవ్వగలడని ఆయన కింద పనిచేసేవాళ్ళెవరికీ తెలియదు.

ఆ తరువాత జమ్లి కప్పలకు పేరొచ్చింది. పాల్వంచ నుంచి, కొత్తగూడెం నుంచి గాలాల పిచ్చి ఉన్నవాళ్ళు చెప్పులు పట్టుకుని తండాకు రావడం మొదలైంది. చెప్పు కోసేదీ నట్టు బిగించేదీ ధన్‌సింగ్. తొడుగు కుట్టేదీ కాళ్ళు కట్టేదీ జమ్లి. వచ్చినవాడు, చివర ఏదో ఒక మెరుపు పెట్టమని తప్పకుండా అడిగేవాడు. జమ్లి వాళ్ళను కట్ట మీదికి తీసుకుపోయి, నిజం కప్పను చూపించి, అది కదిలేదాకా కూర్చోమనేది. కొందరు కూర్చునేవాళ్ళు. కొందరు టైము లేదని వెళ్ళిపోయేవాళ్ళు.

మిరుగం దాటిన మూడు నాలుగు వారాలు మాత్రం ధన్‌సింగ్ ఎవరినీ గాలం వెయ్యనిచ్చేవాడు కాదు. తండావాళ్ళూ, గూడెంవాళ్ళూ రామక్క మాట విని ఆగారు. చిక్కల్లా బయటివాళ్ళతోనే. రెండు వేల ఏడు వానల్లో పట్నం నుంచి నలుగురు జీపులో, మెరిసే రాడ్లతో వచ్చారు. ఎర్రటి ముద్దలు నీళ్ళ మీద ఆడుతున్న రోజులవి. ధన్‌సింగ్ చేతులు జోడించి, నెల ఆగి రమ్మన్నాడు.

“చెరువేమన్నా నీదా?” అన్నాడొకడు.

లష్కరుకు నీళ్ళ మీద అధికారం ఉంది కాని చేపల మీద లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. ఎదుటివాడికీ తెలిసినట్టే ఉంది.

“నాది గాదు సార్,” అన్నాడు ధన్‌సింగ్ వినయంగా. “మొసలిది.”

ఆ నలుగురూ నీళ్ళ వైపు చూశారు. ఎండలో మద్దిమోడు ఒకటి వీపు తేలేసి ఉంది. ఇంకేమీ అడగకుండా జీపెక్కారు.

అతను చెప్పింది ఆ నలుగురికే. కాని మాట తండా చేరింది. మరునాటికి బర్రెలను ఎవరూ చెరువులోకి దింపలేదు. బట్టలు ఉతకడానికి వచ్చేవాళ్ళు మూటలతో వెనక్కి పోయారు. రామక్క బుట్ట పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. “కొడకా, నేను పుట్టినప్పటి సంది ఈ నీళ్ళల్లనే ఉన్న. ఏదిరా నీ మొసలి?” ధన్‌సింగ్ ఆమె చెవిలో చెప్పాడు. ఆమె బోసినోటితో నవ్వి, గూడేనికి పోయి, తోక తను కళ్ళారా చూశానని చెప్పింది.

నాలుగోనాడు అటవీశాఖ బీటు ఆఫీసరు వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు, మెడలో దుర్భిణి. రెండు రోజులు కట్ట మీద కూర్చుని చూశాడు. ధన్‌సింగ్ ఎంతో మర్యాదగా అతనికి నీడపట్టున మంచం వేయించాడు. జమ్లి ఇద్దరికీ రొట్టెలు పంపించింది. పంపిస్తూ భర్తతో, “మొసలికి గూడ పంపాల్నా?” అంది.

రెండోరోజు ఆ యువకుడు దుర్భిణిలోంచి అలుగు వైపు చూస్తూ, “ఏందది, ఎర్రగ కదులుతున్నది?” అని అడిగాడు. ధన్‌సింగ్ అతని పక్కన కూర్చుని, రామక్క తనకు చెప్పినట్టే చెప్పాడు. ఆ కుర్రవాడు చాలాసేపు దుర్భిణి దించలేదు. మొసలి కానరాలేదని కాగితం మీద రాసుకుని, వెళ్ళేముందు ఇంకోసారి ఆ ముద్దను చూసి మరీ వెళ్ళాడు.

మూడు వారాలకు పిల్లలు ఎరుపు విడిచి, గోధుమరంగుకు తిరిగి, ఆకుల్లోకి చెదిరిపోయాయి. ఆ పొద్దున ధన్‌సింగ్ తండా అంతా తిరిగి, రాత్రి అలుగు దూకినప్పుడు మొసలి ఆ నీళ్ళతోపాటే కిన్నెరసాని వైపు వెళ్ళిపోయిందని చెప్పాడు. ఎటు పోయిందో వేలు పెట్టి చూపించాడు కూడా. మధ్యాహ్నానికి బర్రెలు నీళ్ళలోకి దిగాయి.

ఒడ్డున బట్టలు పిండుతున్న జమ్లి తల ఎత్తకుండానే అడిగింది.

“వచ్చే ఏడు గూడ వస్తదా?”

“మిరుగం దాటనియ్యి,” అన్నాడు ధన్‌సింగ్.